ముందు ఎవరికి పెట్టి చూడాలి?

మా చాట్రాయిలో పక్కింటి పెద్దమ్మ కొత్త దాణా తెచ్చి కలిపితే, గేదె వాసన చూసి మూతి తిప్పేసింది. పెద్దమ్మ ఇంకేం ఆలోచించలేదు. బస్తా కట్టేసి కొట్టుకు తిరిగి పంపేసింది. ‘‘దాని పాలు తాగేది పిల్లలు గదయ్యా’’ అంది. ఈ వారం నేను విన్నవాటిలో నాకు బాగా నచ్చిన మాట అది.

దాణా బస్తా అనగానే నాకు అమెరికాలోని మిషిగన్ గుర్తొస్తుంది. 1973లో అక్కడ ఒకే కంపెనీ రెండు పొడులు అమ్మేది. పశువుల దాణాలో కలిపే మెగ్నీషియం ఆక్సైడ్ పేరు న్యూట్రిమాస్టర్. ప్లాస్టిక్కుకు నిప్పంటకుండా కలిపే బ్రోమిన్ రసాయనం పేరు ఫైర్‌మాస్టర్. బస్తాలు తారుమారై, రెండోది దాణాలో కలిసింది. ఆవులు మేత మానేశాయి, పాలు తగ్గిపోయాయి, గిట్టలు అడ్డదిడ్డంగా పెరిగాయి. రిక్ హాల్బర్ట్ అనే పాడిరైతు పట్టువదలకుండా ప్రయోగశాలల వెంటపడితే, 1974లో గానీ కారణం తేలలేదు. సుమారు 30,000 పశువులను, 15 లక్షల కోళ్లను చంపేయాల్సి వచ్చింది. ఆ లోపే జనం ఆ పాలు తాగారు, ఆ మాంసం తిన్నారు. బస్తా మీద ఏముందో రైతు చదవగలిగే భాషలో, పెద్ద అక్షరాల్లో ఉండాలని నేను ఏళ్లుగా మొత్తుకునేది ఇందుకే.

నోరులేని జీవాల మీద ప్రయోగాలు వద్దని కూడా ఇక్కడ చాలాసార్లు రాశాను. ఎలుక గొంతులోకి గొట్టం దించి, మొక్కజొన్న నూనెలో కలిపిన రసాయనాన్ని వారానికి ఐదు రోజులు పోస్తారని చదివితే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. ఫైర్‌మాస్టర్‌ను అలాగే ఆరు నెలలు ఎలుకలకు, చిట్టెలుకలకు పోసి, ఆ తర్వాత కూడా చాలాకాలం గమనించారు. కాలేయంలో క్యాన్సర్లు కనిపించాయి. ఆ నివేదిక వచ్చింది 1983లో! అప్పటికి పదేళ్ల ముందే మిషిగన్ పిల్లలు ఆ పాలు తాగేశారు. నా కోపం ఇప్పుడు ఆ గొట్టం మీదకన్నా ఆ తేదీ మీదే ఎక్కువ.

ఎలుక అవసరం లేనిచోట దాన్ని వదిలేయాలి. పిల్లల రాత్రి దుస్తుల్లో వాడిన ట్రిస్ అనే నిప్పు నిరోధకం జన్యువుల్ని దెబ్బతీస్తుందని బ్రూస్ ఏమ్స్, ఆర్లిన్ బ్లమ్ బాక్టీరియా పరీక్షను ఆధారం చేసుకునే 1977లో హెచ్చరించారు. అదే ఏడాది అమెరికా ఆ దుస్తుల్ని నిషేధించింది. ఫైర్‌మాస్టర్‌లోని ప్రధాన రసాయనాన్ని మన దేశం 2018లో నిషేధించింది. దాని జాతివే మరికొన్ని కూడా ఆ జాబితాలో చేరాయి. వాటి బదులు ఇప్పుడు పరుపుల్లో, టీవీ డబ్బాల్లో కలుపుతున్నవాటి సంగతి కొట్టుకు రాకముందే తేలాలి. బాక్టీరియాతో తేలకపోతే ఎలుకలకు పెట్టి చూడమనే అంటాను. ఎన్నింటికి పెట్టారో, వాటికి ఏమైందో తెలుగులో అచ్చువేసి మా పెద్దమ్మ చేతికి కూడా ఇవ్వాలి.