గుండ్రని అక్షరాలు: అందము, ఆనవాలు

అచ్చు అక్షరానికి అందమొక్కటే చాలదు. ఆనవాలు కూడా ఉండవలెను. ఈ రెండింటికీ పొత్తు ఎంతవరకు కుదురుతుందో చూచుటకు ‘బాలూ తమ్ముడు’ అనే ఫాంటు మంచి ఉదాహరణము. ముంబయిలోని ఎక్ టైప్ సంస్థ పలు భారతీయ లిపులకు తయారుచేసిన బాలూ కుటుంబములో ఇది తెలుగు రూపము. 2016లో అందరూ ఉచితముగా వాడుకొనునట్లు విడుదలైనది. హిందీలో భాలూ అనగా ఎలుగుబంటి. పేరుకు తగినట్లే అక్షరాలు బొద్దుగా, కొనలు మొద్దుగా, ముద్దుగా ఉంటవి.

ఇటువంటి బొద్దు అక్షరాలు కొత్తవి కావు. అమెరికాలో ఓస్వాల్డ్ కూపర్ గీసిన ‘కూపర్ బ్లాక్’ 1922లోనే వెలువడినది. రోమన్ లిపిలో నిలువు గీతలు, మూలలు ఎక్కువ. వాటిని గుండ్రన చేయగానే లిపికి ఆటవిడుపు వస్తుంది. తెలుగు లిపి మొదటినుండి గుండ్రనిదే. కావున ఇక్కడ కొత్తదనమంతా గీత లావు వలన రావలసి ఉన్నది. చిక్కు అక్కడనే.

కేతేపల్లి అనే పేరునే తీసుకొనవచ్చును. ఇది నల్లగొండ జిల్లాలో హైదరాబాదు-విజయవాడ రహదారి మీది ఊరు. ‘కె’కు ‘కే’కు గల భేదము నెత్తిమీది చిన్న మలుపు మాత్రమే. ‘ప’లో తలకట్టు విడిగా నిలుస్తుంది, ‘వ’లో అంటుకొని ఉంటుంది. ఆ సందు పూడినచో ‘పల్లి’ కాస్తా ‘వల్లి’ అవుతుంది. గీత లావైనకొద్దీ ఇట్టి సందులు ఇరుకవుతవి.

ఎంత సందు కావలెనో లెక్క కట్టవచ్చును. ఆరోగ్యవంతమైన కన్ను సుమారు ఒక డిగ్రీలో 60వ వంతు కోణము వరకు విడదీసి చూడగలదు. అనగా 40 మీటర్ల దూరములో 12 మిల్లీమీటర్ల కంటె సన్నని సందు కంటికి ఆనదు. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఆ 40 మీటర్లను రెండు సెకన్లలోపే దాటిపోతుంది. పుస్తకమును 35 సెంటీమీటర్ల దూరములో పట్టుకొని చదువునప్పుడు 0.1 మిల్లీమీటరు సందు చాలును. కాని నాసి కాగితము మీద సిరా కొద్దిగా పాకినను అదీ పూడిపోతుంది.

దుకాణపు బోర్డుకు, సినిమా పేరుకు, కథల పుస్తకపు అట్టకు ఈ ఫాంటు చక్కగా ఒప్పుతుంది. అక్కడ అక్షరము పెద్దది, మాటలు తక్కువ. తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన వ్రాసినను ఒకే చేతి వ్రాతవలె కనబడుట దీని సుగుణము. మొదట ఒకే లావులో వచ్చినది, తరువాతి రూపములో ఐదు లావులలో లభించుచున్నది. సన్ననివాటిలో సందులు విప్పారినవి. ఇది మెచ్చదగిన మార్పు.

బొద్దు అక్షరము చూడగానే పిల్లలకు తగినదని తోచుట సహజము. కాని చదువు వచ్చినవాడు మాటను బట్టి అక్షరమును పోల్చుకొనును. ఓనమాలు దిద్దు బిడ్డకు ఆ ఊతము లేదు. ఆ బిడ్డ నేర్చుకొనవలసినది ఆ చిన్న సందునే. కావున అట్టమీద తమ్ముడు ఉండవచ్చును. వాచకము లోపల, మందుసీసా చీటీమీద, దారిచూపు బోర్డుమీద మాత్రము సందులు విశాలముగా గల వేరొక ఫాంటును ఎన్నుకొనుటయే మేలు.