ఒక ఫ్రేమ్ తేడా

తెర మధ్యలో చిన్న ప్లస్ గుర్తు, దానికి అటూ ఇటూ రెండు ఖాళీ డబ్బాలు. చూపు ప్లస్ మీదే ఉండాలి. కుడికో ఎడమకో ఒక బాణం కనిపిస్తుంది, ఆ వెంటనే ఏదో ఒక డబ్బాలో చుక్క వెలుగుతుంది. అది కనబడగానే కీ నొక్కాలి. అమెరికా మనస్తత్వవేత్త మైకేల్ పోస్నర్ 1980లో రాసిన వ్యాసంతో పేరుకెక్కిన ప్రయోగ పద్ధతి ఇది. బాణం చెప్పిన వైపే చుక్క వస్తే వేలు త్వరగా కదులుతుంది, రెండోవైపు వస్తే ఆలస్యమవుతుంది. కన్ను కదలకపోయినా ధ్యాస కదులుతుందనడానికి ఆ తేడాయే సాక్ష్యం.

మనస్తత్వ ప్రయోగాలకు ప్రోగ్రాం రాయడం నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి మొదటి పాఠం దొరకదు. చూస్తే ఏముంది, ఒక బాణం, ఒక చుక్క. కానీ ఇందులో దొరికే తేడా కొన్ని పదుల మిల్లీసెకన్లే. 60 హెర్ట్జ్ తెర బొమ్మను మార్చేది సుమారు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి. అలా వచ్చే ఒక్కో బొమ్మే ఒక ఫ్రేమ్. రెండు ఫ్రేములు జారాయంటే ఆ పొరపాటు, కొలవాలనుకున్న విషయమంత పెద్దదైపోతుంది.

వెబ్‌సైటులో పేజీ 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా తెరుచుకుంటే ఎవరూ గమనించరు. ఇక్కడ ప్రోగ్రామే కొలిచే పరికరం. అందుకే ఈ విద్యలో మొదట మారాల్సింది కాలాన్ని లెక్కపెట్టే అలవాటు. ‘చుక్కను 40 మిల్లీసెకన్లు చూపించు’ అని కోడ్ రాస్తే 60 హెర్ట్జ్ తెర ఆ పని చేయలేదు. రెండు ఫ్రేములైతే 33, మూడైతే 50. మధ్యలో ఏమీ లేదు. కాబట్టి అనుభవం ఉన్నవారు సెకన్లలో ఆలోచించరు, ఫ్రేముల్లో ఆలోచిస్తారు. ‘బాణాన్ని క్షణకాలం చూపించాం’ అనే మాట ఉపన్యాసంలో చెల్లుతుంది. కోడ్ మాత్రం ఎన్ని ఫ్రేములో చెప్పమంటుంది. ప్రయోగం గురించి మనసులో ఉన్న మసక అంతా ఆ ప్రశ్న దగ్గర బయటపడుతుంది. ఈ పని నేర్చుకోవడంలోని అసలు లాభం ఇదే.

సాధనాలకు కొదవ లేదు. డేవిడ్ బ్రెయినార్డ్, డెనిస్ పెల్లి 1997లో పరిచయం చేసిన సైక్‌టూల్‌బాక్స్ మ్యాట్‌ల్యాబ్‌లో నడుస్తుంది. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్‌లో జొనాథన్ పియర్స్ మొదలుపెట్టిన సైకోపై పైథాన్‌లో నడుస్తుంది, ఉచితం. అందులోని ‘బిల్డర్’లో బొమ్మలు పేర్చుకుంటూ పోతే కోడ్ అదే తయారవుతుంది. మొదలుపెట్టడానికి అది చాలు. కానీ అది రాసిన కోడ్‌ను తెరిచి చదవనివారు సగం నేర్చుకున్నట్టే.

తప్పులన్నీ ఒక్కలా హాని చేయవు. ప్రతి ట్రయల్‌లోనూ, అంటే బాణం నుంచి కీ నొక్కే దాకా సాగే ప్రతి విడతలోనూ, ఒకే ఆలస్యం ఉంటే, పోల్చి చూస్తున్న రెండు పరిస్థితుల సగటులను తీసివేసేటప్పుడు అది కొట్టుకుపోతుంది. ఆలస్యం ఇష్టం వచ్చినట్టు మారుతుంటే ట్రయల్స్ సంఖ్య పెంచి నెట్టుకురావచ్చు. ప్రమాదమంతా మూడో రకంతోనే. ఒక పరిస్థితిలో మాత్రమే బరువైన ఫొటో ఉండి, దాన్ని తెర మీదికి తెచ్చే క్షణంలోనే డిస్క్ నుంచి చదివితే, ఆ పరిస్థితిలోని ట్రయల్సే నెమ్మదిస్తాయి. ఫలితం గణాంక పరీక్షల్లో నెగ్గుతుంది, మెదడు గురించి కొత్త సంగతిలా కనిపిస్తుంది. బొమ్మలన్నీ ముందే మెమరీలోకి ఎక్కించుకోవాలన్న చిన్న నియమం వెనక ఇంత కథ ఉంది. తెలుగు పదాలతో ప్రయోగాలు చేసేవారు వాటిని కూడా ముందే బొమ్మలుగా మార్చుకుంటే ఒత్తులు, గుణింతాలు తెర మీద చెదిరే భయం ఉండదు.

మెదడు విద్యుత్తును తల మీద నుంచి నమోదు చేసే ఈఈజీ తోడైతే పట్టు ఇంకా బిగుస్తుంది. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీద తొలిసారి నమోదు చేసిన ఆ విద్యుత్తు చాలా బలహీనం. చుక్కను చూసినందుకు మెదడు ఇచ్చే స్పందన కొన్ని మైక్రోవోల్టులు మాత్రమే, చుట్టూ ఉన్న రొద అంతకు ఎన్నో రెట్లు. అందుకే పదుల, వందల ట్రయల్స్‌ను చుక్క కనబడిన క్షణం దగ్గర ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీస్తారు. 1965లో శామ్యూల్ సటన్ బృందం వెల్లడించిన, ఇప్పుడు పీ300 అని పిలిచే తరంగం అలా సగటులో తేలిందే.

చుక్క కనబడిన ఆ క్షణాన్ని ఈఈజీ యంత్రానికి చెప్పేది ట్రిగ్గర్ అనే ఒక సంఖ్య. బొమ్మ గీయమని ఆదేశం ఇచ్చినప్పుడు కాదు, తెర నిజంగా మారిన క్షణంలో అది వెళ్లాలి. సైకోపైలో దీనికోసమే ‘కాల్‌ఆన్‌ఫ్లిప్’ అనే ఆదేశం ఉంది. ట్రిగ్గర్ ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతుంటే తరంగాల శిఖరాలు సరిగ్గా కలవవు, సగటు తీస్తే శిఖరం చదునవుతుంది. ఉన్న స్పందన లేనట్టు కనిపిస్తుంది. తెర మూలన తెల్ల చతురస్రం వెలిగించి, దాని మీద ఫొటోడయోడ్ అతికించి, వెలుగు పడిన సమయాన్నీ ట్రిగ్గర్ అందిన సమయాన్నీ పోల్చి చూడటం ఒక్కటే నమ్మదగిన పరీక్ష.

2020లో పియర్స్ బృందమే ఇలాంటి పరికరంతో అనేక ప్యాకేజీలను పోల్చింది. ల్యాబ్‌లో వాడే ప్రధాన ప్యాకేజీలలో సమయపు హెచ్చుతగ్గులు సగటున ఒక మిల్లీసెకను లోపే ఉన్నాయని తేలింది. అంటే సాఫ్ట్‌వేర్‌ను నిందించి తప్పించుకోలేం. రాసిన కోడ్‌నూ, వాడిన తెరనూ, కీబోర్డునూ ఎవరికి వారే కొలుచుకోవాలి.

హైదరాబాద్‌లోని సెంట్రల్ యూనివర్సిటీలోనూ ట్రిపుల్ ఐటీలోనూ మనసు, మెదడుల మీద పరిశోధన జరుగుతోంది. తెలుగు రాష్ట్రాల్లో సైకాలజీ చదివించే మిగతా విభాగాలు కూడా మొదటి సెమిస్టర్‌లోనే విద్యార్థుల చేత పోస్నర్ ప్రయోగాన్ని సొంతంగా రాయించాలి. సైకోపైకి పైసా ఖర్చు లేదు, ఫొటోడయోడ్ ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా తక్కువ ధరకే దొరుకుతుంది.