అర్చ్యశిష్టుల పూజ: శబ్దార్థవిమర్శ

కథోలిక క్రైస్తవులు తమ పుణ్యపురుషులను తెలుగున 'అర్చ్యశిష్టు'లని వ్యవహరించుట కలదు. నేడు 'పునీతు'లను మాట తఱచుగ వినవచ్చుచున్నది. విశ్వాసమునకై ప్రాణము లర్పించినవారు 'హతసాక్షులు'. గ్రీకు 'మార్తుస్' శబ్దమునకు మొదట సాక్షి యనియే యర్థము. అర్చ్యుడనగా అర్చింపదగినవాడు. అమరసింహుడు అర్చాశబ్దమును పూజా నమస్యా శబ్దములతో సమానార్థకముగ పఠించెను. కావున ఏకదేవోపాసనమే ప్రధానమైన మతమున మనుష్యు లర్చ్యు లెట్లగుదురని పండితులకు శంక పొడముట సహజము.

ఈ శంక మిక్కిలి ప్రాచీనమైనది. 2వ శతాబ్దమున స్ముర్నా నగరమున పోలికార్పను వృద్ధ బిషప్పు రోమక ప్రభుత్వముచే వధింపబడెను. ఆ నగరపు సంఘమువారు ఫిలొమేలియము సంఘమునకు వ్రాసిన లేఖ, బైబిలునకు వెలుపల నున్న హతసాక్షిచరిత్రములలో అతిప్రాచీనముగ గణింపబడుచున్నది. పోలికార్పు దేహమును క్రైస్తవుల కిచ్చినచో, వారు సిలువనొందినవానిని విడిచి ఇతనినే కొలుతురని విరోధులు వాదించిరట. దానికి లేఖాకర్తలు, క్రీస్తు దేవుని కుమారుడు గావున ఆయనకు మ్రొక్కుదుమనియు, హతసాక్షులను ఆయన శిష్యులని ప్రేమింతుమనియు సమాధానము చెప్పిరి. మ్రొక్కుట కిచ్చట వాడిన ధాతువు 'ప్రొస్కునేయిన్'. ఐనను వారే పోలికార్పు అస్థికలను భద్రపఱచి, అతని మరణదినమును జన్మదినముగ ఏటేట జరుపుకొన నిశ్చయించిరి. ఆరాధన మొకటి, ఆదర మొకటియను వివేకము ఆనాడే కలదనుట కిది ప్రమాణము.

787వ సంవత్సరమున నీకయాలో జరిగిన రెండవ మహాసభ, పునీతుల పటములకు 'ప్రొస్కునేసిస్' చెల్లుననియు, 'లత్రేయా' దేవునికి మాత్రమే చెల్లుననియు తీర్మానించెను. పూర్వలేఖలో క్రీస్తునకే చెల్లిన శబ్దము ఇచ్చట పటములకు చెల్లినది. భేదము నిలిచియే యున్నది గాని శబ్దము గట్టు దాటినది. లాటిను అనువాదకుడు దానిని 'అదొరాత్సియో' యనగా, షార్లమేను రాజు ఆస్థానపండితులు పటములకు దైవారాధనము విధింపబడినదని భ్రమించి ఖండనగ్రంథము వ్రాసిరి. 794లో ఫ్రాంక్‌ఫర్టు సభయు దానిని నిరసించెను. 9వ శతాబ్దమున అనస్తాసియుసు ఆ సభావృత్తాంతమును మరల అనువదింపవలసి వచ్చెను. అగస్టీనుడు ఇంతకు పూర్వమే 'దేవనగరము' పదవ భాగమున, 'లత్రేయా'కు సరియగు ఏకపదము లాటినున లేదని గ్రహించి గ్రీకుపదమునే నిలిపెను.

తరువాతి లాటిను వేదాంతులు పునీతుల కిచ్చు గౌరవమును 'దూలియా' యనిరి. 16వ శతాబ్దమున కాల్విను ఈ విభాగమును వట్టి మాటల చాటుగ నిరాకరించెను. జనులు చేయు క్రియ ఒక్కటియే యైనపుడు పేరు మార్చినంత ఫలమేమని అతని యాక్షేపము. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. అగస్టీనుని తల్లి మోనికా ఆఫ్రికాలో పునీతుల సమాధులకు అంబలియు రొట్టెయు ద్రాక్షారసమును కొనిపోవుచుండెడిది. మిలానున అంబ్రోసు బిషప్పు దానిని నిషేధించెను. పానమత్తతకు అవకాశమనియు, అన్యమతస్థుల పితృకర్మకు సన్నిహితమనియు హేతువులు. ఆమె మాఱుపలుకక మానెను. బిషప్పు ఆచారము నడుగు పట్టియే గుణదోషముల నెంచెను. 1563లో త్రెంతు మహాసభయు పునీతులను వేడుట మేలని చెప్పుచునే, అందలి మూఢాచారములను తొలగింపుమని శాసించెను.

ఇట్లు శబ్దముచేతనే నిర్ణయింప యత్నించిన ఉభయపక్షములకును దోషము తప్పదు. అగస్టీనుడు చూపిన గుఱుతు గట్టిది. వేదిక హతసాక్షి సమాధిమీద నున్నను, బలి యెవరి కర్పింపబడుచున్నదో చూడవలయును. అది దేవునికే యైనచో హతసాక్షి స్మరణీయుడే గాని ఉపాస్యుడు కాడు. కావున 'అర్చ్య' శబ్దమాత్రమున క్రైస్తవులకు బహుదేవారాధన మంటగట్టుట తగదు. అనువాదకులును 'లత్రేయా'కు ఆరాధనమని, తక్కినదానికి వందనమని వేఱుపఱచుట మేలు. తెలుగువారు గురువునకును దేవునకును ఒకే విధమున చేతులు జోడింతురు. అందలి భేదమెఱిగినవారికి ఇందలి భేదము దుర్గ్రాహ్యము కానేరదు.