తెర వెనక పాదాలు

హనుమంతుడు సముద్రం దాటాలి. ముందు కదిలేది బొమ్మ కాదు, పాదం. తెర వెనక ఆటగాడి కాలి కింద చెక్క ఉంటుంది, కాలికి గజ్జెలుంటాయి. మడమతో ఆ చెక్కను దబీమని తొక్కి, అదే ఊపులో బొమ్మను తెర నుంచి దీపం వైపు లాగుతాడు. గుడ్డ మీద హనుమంతుడు ఒక్కసారిగా పెరిగిపోతాడు. అంచులు చెదిరి మబ్బులా కమ్ముకుంటాడు. మరుక్షణం బొమ్మ మళ్ళీ గుడ్డకు అతుక్కుంటుంది, గజ్జెల చప్పుడు ఆగుతుంది. కన్ను, కిరీటం, తోక కొస అన్నీ తేటపడతాయి. లంక వచ్చేసింది! సినిమావాళ్ళు కెమెరాతో చేసే ఈ పనిని ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలాటగాళ్ళు మూరెడు చేతితో చేస్తారు.

అదే సీమలోని హిందూపురం పేరు వింటే మనవాళ్ళకు సినిమా గుర్తొస్తుంది. ఎన్టీ రామారావు 1985లో అక్కడి నుంచే శాసనసభకు గెలిచారు. 2014 నుంచి ఆ స్థానం బాలకృష్ణది. ఇంకా వెనక్కి వెళితే, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. దానికి ఆధారమైన నాటకం ధర్మవరం రామకృష్ణమాచార్యులది. ఆయన ఇంటిపేరులోనే ఊరు ఉంది. కానీ ఈ సీమలో తెర కట్టి, వెలుగు వేసి, కథ ఆడించడం టాకీల కంటే చాలా పాతది. మనం దాన్ని హస్తకళల జాబితాలో వేసి ఊరుకున్నాం. నా మటుకు నాకది ముందు నటన, ఆ తర్వాతే చేతిపని.

చేతిపని తక్కువదని కాదు. మేకతోలును వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఎండబెడతారు. ఒకప్పుడు దేవుళ్ళ బొమ్మలకు జింకతోలు వాడేవారు, ఇప్పుడంతా మేకతోలే. ఎండిన తోలును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే తేనెరంగులో ఉంటుంది, వెనకనున్న వేళ్ళ నీడ కూడా కనిపిస్తుంది. దాని మీద బొమ్మ గీసి, చెక్క మీద పెట్టి, ఉలీ సుత్తీ తీసుకుని చిల్లులు కొడతారు. ఈ చిల్లులే నగలు. పసుపు ఎంత పూసినా బంగారం మెరుపు రాదు. చిల్లులోంచి వచ్చేది అచ్చంగా దీపపు వెలుగు. సీత మెడలో హారం ధగధగలాడిందంటే అక్కడ తోలు లేదన్నమాట! రంగులు రెండు వైపులా పూస్తారు. రావణుడికి ఒక తోలు చాలదు, కొన్ని కలిపి కుట్టాల్సిందే. మన బొమ్మలు దాదాపు మనిషెత్తువి, దేశంలోని నీడబొమ్మల్లో ఇంత పెద్దవి అరుదు.

హిందూపురం దగ్గర లేపాక్షి వీరభద్రాలయంలో ఒకసారి తల పైకెత్తి చూడండి. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ సీమను ఏలిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి అది. ఆ పైకప్పు చిత్రాల్లో పక్కకు తిరిగిన ముఖాలు, కొనదేలిన ముక్కులు, పెద్ద పెద్ద కళ్ళు, చీరల మీద అచ్చుల వరసలు కనిపిస్తాయి. ఆ చూపుతోనే నిమ్మలకుంట వెళ్ళి సీత బొమ్మను చూస్తే, ఇద్దరూ ఒకే ఇంటి ఆడపడుచులనిపిస్తుంది.

ఇక నటన సంగతి. ఉలి దిగిన నాడే బొమ్మ ముఖం ఖాయమైపోతుంది. సీత ఏడ్చినా నవ్వినా అదే కన్ను, అదే పెదవి. సినిమా నటుడికి కనురెప్ప ఉంది, గ్లిజరిన్ ఉంది. ఇక్కడ ఏడుపంతా ఆటగాడి గొంతులోంచి రావాలి, లేదా బొమ్మ తల వంచిన తీరులోంచి రావాలి. సీత చెయ్యి నుదుటిదాకా వెళ్ళి, తాకకుండా ఆగితే చాలు, చూసేవాళ్ళకు గుండె పట్టేస్తుంది. పని లేని బొమ్మను ఈతముల్లుతో గుడ్డకు గుచ్చి నిలబెడతారు. సభ అలాగే కొలువుదీరి ఉంటుంది, మాట్లాడే బొమ్మ మాత్రమే కదులుతుంది. ఎవరిని చూడాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఒక్కో ఆటగాడు రెండు మూడు పాత్రలకు గొంతు మారుస్తాడు. ఒక పక్క చేతులు బొమ్మను ఆడిస్తుంటే మరో పక్క కాలు యుద్ధం చేస్తుంటుంది. స్త్రీ పాత్రలకు ఆ ఇంటి ఆడవాళ్ళే పాడతారు, మాట్లాడతారు. స్థానం నరసింహారావు వంటి మగవాళ్ళు స్త్రీ వేషాలతో రంగస్థలాన్ని ఏలుతున్న రోజుల్లోనూ ఈ గుడ్డ వెనక సీతకు ఆడగొంతే ఉంది. ఇంకో అబ్బురం ఏమిటంటే, మరాఠా నేల నుంచి తరాల కిందట వచ్చిన ఈ కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ యాస. తెర దగ్గరికొస్తే రంగనాథ రామాయణపు ద్విపదలు తెలుగులో ధారగా సాగుతాయి. మధ్యలో హాస్యపాత్రలైన కేతిగాడూ బంగారక్కా దూరి, ఆ ఊరి యాసలోనే తగువుపడి నిద్రపోయేవాళ్ళను లేపుతారు. ఈ హాస్యం ఏ పుస్తకంలోనూ లేదు. ప్రతి రాత్రీ ఆ ఊరిని బట్టి పుట్టాల్సిందే.

నిమ్మలకుంటకు పేరొచ్చింది. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ దక్కింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. తోలు లాంప్‌షేడ్లు, గోడబొమ్మలు దూరదేశాలకు వెళుతున్నాయి, వాటితోనే ఇళ్ళు గడుస్తున్నాయి. అది చిన్న మాట కాదు, ఎవరూ తప్పుపట్టాల్సింది లేదు. అయితే లాంప్‌షేడ్‌కు ఉలి కావాలి, రంగు కావాలి. గొంతు అక్కర్లేదు. చెక్క మీద తొక్కే కాలు అసలే అక్కర్లేదు. జావాలో వయాంగ్ నీడబొమ్మలు ఆడించే దలాంగ్ రాత్రంతా కథ నడుపుతాడు, జనం అతన్ని పేరు పెట్టి పిలిపించుకుంటారు. మన ఆటగాడికి ఉత్సవాల వేదికల మీద పావుగంట ఇస్తున్నాం. పావుగంటలో హనుమంతుడు ఎగురుతాడేమో కానీ, కేతిగాడు నోరు విప్పడు.

కదిరి తిరునాళ్ళకో, మీ ఊరి శివరాత్రి జాగరణకో ఈసారి వాళ్ళను పిలవండి. రాత్రంతటికీ పిలవండి, రాత్రంతటికీ డబ్బులివ్వండి. వాళ్ళు అడిగేది ఎంత? నాలుగు గుంజలు, తెల్లగుడ్డ, ఒక బల్బు, కాలి కిందికి ఒక చెక్క. ఆ చెక్క మాత్రం గట్టిది చూసి వేయించండి.