గ్రంథపాతము

మా నాయనగారు కూర్చిన పాత మాసపత్రికల పుటలను స్కాను చేసి, సంపుటమున కొక ఫోల్డరు చొప్పున హార్డుడిస్కులో భద్రపఱచి, దైవికముగా నది చెడినచో దిక్కుండవలెనని రెండవ ప్రతిని మా తమ్ముని యింట నుంచితిని. ఏటికి రెండు మూడు మాఱులు పోయి, అచ్చట లేని సంపుటములను మాత్రమే చేర్చి, ఉన్నవానిని ముట్టక వచ్చుట నా నియమము. ఏలయన, తమ్ముడు తన ప్రతిలో మసకపుటలను తొలగించి, పేళ్లు మార్చి సంస్కరించుచుండును.

1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ అనువారు వెలువరించిన ఆర్‌సింక్ ఇట్టి పనులకు ప్రసిద్ధ సాధనము. అందు 'ఇగ్నోర్ ఎగ్జిస్టింగ్' అను ఆదేశమును గాంచి సంబరపడితిని. తీరా చూడగా అది విడిచిపెట్టునది ఫైళ్లనే గాని ఫోల్డరులను గాదు. ఉన్న ఫోల్డరులోనికిని చొరబడి, అందు లేని ఫైళ్లనెల్ల నింపును. ఫోల్డరులను సైతము విడిచినచో పనియే జరుగదని దాని కరదీపిక ముందే చెప్పుచున్నది. కరదీపికలను పని చెడిన పిమ్మట చదువుట నా స్వభావము. తమ్ముడు తొలగించిన పుటలన్నియు, సాగనంపిన చుట్టములు బండి తప్పి తిరిగివచ్చినట్లు, మరల గుమ్మమున నిలిచినవి.

అది మొదలు, ఇరుచోట్ల పైవరుస ఫోల్డరుల పేళ్లను రెండు పట్టికలుగ వరుసకూర్చి, 'కామ్' అను చిన్న ఆజ్ఞతో పోల్చి, మూలమున మాత్రమే యున్నవానిని ఏరి ఆర్‌సింక్‌తోనే పంపుచున్నాను. మూలము పేరు చివర నొక ఏటవాలు గీత పడెనా, ఫోల్డరు గాక లోని సరకు మాత్రమే పోయి, సంపుటములు కలగాపులగమగును. కావున ముందుగా ఉత్తుత్తి నడకగా నడిపించి చూచుకొందును.

ఇంత జాగ్రత్తలోను ఒకనాడు నకలు నడుమ కరెంటు పోయినది. సగము చేరిన సంపుటము పేరు మాత్రము నిండుగ నుండుటచే, తరువాతి పోలికలన్నిట నది 'ఉన్నది'గనే లెక్కకు వచ్చెను. పూర్వపు పరిష్కర్తలు తాళపత్రము శిథిలమైన చోట చుక్కలు పెట్టి 'గ్రంథపాతము' అని యచ్చు వేయించెడివారు. ఆ లోపము పాఠకుని కంటబడును. ఫోల్డరునకు చుక్కలెవరు పెట్టుదురు? ఆర్‌సింక్ ప్రతి ఫైలును తాత్కాలికనామముతో వ్రాసి, పూర్తియైన పిదపనే అసలు పేరిడును. నేనును ఆ మర్యాదనే ఫోల్డరులకు పట్టించి, 'అసంపూర్ణము' అను పేర పంపి, సర్వము చేరి సరిచూచిన పిదప నామకరణము చేయుచున్నాను.

మొన్న పని ముగియకమునుపే బస్సువేళ యైనది. రాత్రి తమ్ముడు ఫోను చేసి, "అన్నయ్యా, ఈ అసంపూర్ణము ఏ ఊరి పత్రిక?" అని యడిగెను.