పేరు మార్చమని చెప్పకండి

ఫైలు పేరు తెలుగులో పెట్టొద్దు, మధ్యలో ఖాళీ వదలొద్దు, గుర్తులు వాడొద్దు. కంప్యూటర్ తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి చెప్పే ఈ సలహా మన దగ్గర బాగా పాతుకుపోయింది. డీటీపీ సెంటర్లో చెప్తారు, కాలేజీ ల్యాబులో చెప్తారు, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే చెప్తారు. మంచి ఉద్దేశంతోనే చెప్తారు. కానీ ఆ బరువు మోయాల్సింది ఫైలుకి పేరు పెట్టుకున్న మనిషి కాదని నా గట్టి నమ్మకం. ఆ ఫైలుని ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి, అక్కణ్ణుంచి బ్రౌజర్‌కి చేర్చే ప్రోగ్రాములు రాసే మాలాంటివాళ్ల బాధ్యత అది.

కొంతకాలంగా పాత తెలుగు పుస్తకాల, కరపత్రాల స్కాన్‌లని వెబ్‌లో పెట్టే పనిలో సాయపడుతున్నాను. స్కాన్ చేసే కుర్రాళ్లు విండోస్ మీద పనిచేస్తారు, పేజీలు సరిచూసే మేడమ్‌గారిది మ్యాక్, అందరికీ అందించే సర్వర్ లినక్స్. ఫైళ్లకి వాళ్లు పెట్టే పేర్లు ఇలా ఉంటాయి: ‘హైదరాబాద్ కథలు #2’, ‘50% తగ్గింపు కరపత్రం’, ‘ఉగాది సంచిక 9/4/2024’. చదవగానే లోపల ఏముందో తెలిసిపోయే పేర్లు. వీటిలో ఏ ఒక్కటీ తప్పు కాదు. మూడు యంత్రాలు దాటి లింకుగా మారేసరికి ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒకచోట చిక్కుకుంటుంది.

చిక్కు ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఫోల్డరుకీ ఫోల్డరుకీ మధ్య స్లాష్ గీయడం యూనిక్స్ అలవాటు. 1981లో వచ్చిన మొదటి ఎంఎస్-డాస్‌లో అసలు ఫోల్డర్లే లేవు. ఆదేశాల పక్కన ఐచ్ఛికాలు రాయడానికి స్లాష్‌ని అప్పటికే వాడేసుకున్నారు. 1983లో డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చేసరికి ఆ గుర్తు ఖాళీ లేదు, అందుకని బ్యాక్‌స్లాష్ పట్టుకున్నారు. విండోస్ నేటికీ దాన్నే చూపిస్తుంది, లోపల మాత్రం చాలాచోట్ల మామూలు స్లాష్‌ని కూడా ఒప్పుకుంటుంది. పాత మ్యాక్‌లో కోలన్ ఉండేది. 2001లో యూనిక్స్ పునాది మీద మ్యాక్ ఓఎస్ ఎక్స్ వచ్చాక కూడా ఆ కోలన్ పూర్తిగా పోలేదు. మేడమ్‌గారి మ్యాక్‌లో ఫైళ్లు చూపించే ఫైండర్‌లో ‘9/4/2024’ అని కనిపించే పేరు అడుగున ‘9:4:2024’గా నిల్వవుతుంది. లినక్స్‌కి అలాగే చేరుతుంది. విండోస్‌ మాత్రం పేరులో కోలన్‌ని ఒప్పుకోదు.

వెబ్‌ని రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ యూఆర్ఎల్‌లో యూనిక్స్ స్లాష్‌నే తీసుకున్నారు. మొదట్లో వచ్చే జంట స్లాష్‌లు అపోలో కంప్యూటర్ల నుంచి వచ్చాయి. అవి నిజానికి అవసరం లేదని 2009లో ఆయనే అన్నారు. ఇంత చరిత్ర ఎందుకంటే, యూఆర్ఎల్‌లో దారి అచ్చం ఫైలు దారిలా కనిపించడానికి కారణం ఇక్కడే ఉంది. పోలిక చూసి రెండూ ఒకటే అనుకుంటాం. ఊళ్లో ఉన్నవాళ్లకి ‘రావిచెట్టు దాటి ఎడమవైపు’ అని దారి చెప్పడం వేరు, ఎక్కడినుంచి వచ్చిన ఉత్తరమైనా చేరేలా చిరునామా రాయడం వేరు. ఫైలు దారి మొదటిది, యూఆర్ఎల్ రెండోది.

మన కంప్యూటర్‌లోనే ఉన్న ఫైలుని బ్రౌజర్‌లో తెరిస్తే ‘ఫైల్’ తర్వాత కోలన్, ఆ వెంట మూడు స్లాష్‌లు కనిపిస్తాయి. రెండో స్లాష్‌కీ మూడో స్లాష్‌కీ మధ్య రావాల్సింది కంప్యూటర్ పేరు. అది ఖాళీగా ఉంటే ‘ఈ కంప్యూటరే’ అని అర్థం. విండోస్‌లో అయితే మూడో స్లాష్ తర్వాత డ్రైవ్ అక్షరం, కోలన్ వస్తాయి. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఇంకో యంత్రం మీదున్న ఫోల్డరుకి విండోస్ రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే దారి ఇస్తుంది. దాన్ని యూఆర్ఎల్ చేస్తే ఆ యంత్రం పేరు ఇందాకటి ఖాళీలోకి రావాలి. కొన్ని ప్రోగ్రాములు అలా చేయకుండా ఐదు స్లాష్‌లు వరసగా పెట్టేస్తాయి. యూఆర్ఎల్‌ల మొదటి ప్రమాణపత్రం 1994 డిసెంబరులోనే వచ్చినా, ఫైల్ యూఆర్ఎల్‌కి విడిగా ఒక ప్రమాణపత్రం, ఆర్ఎఫ్‌సీ 8089, 2017 ఫిబ్రవరిలో గానీ రాలేదు. మధ్యలో ప్రతి బ్రౌజరూ తనకి తోచిన పద్ధతి పాటించింది.

ఇక గుర్తులు. యూఆర్ఎల్‌లో # కనిపిస్తే దాని తర్వాతి భాగం సర్వర్ దాకా వెళ్లదు, పేజీలో ఒక చోటుని సూచించడానికి బ్రౌజర్ అట్టేపెట్టుకుంటుంది. ‘హైదరాబాద్ కథలు #2’ అన్న ఫైలుని పేరు పేరుగానే లింకులో పెడితే సర్వర్‌కి అందేది ‘హైదరాబాద్ కథలు’ వరకే. ప్రశ్నార్థకమైతే అక్కడితో దారి ఆగి ప్రశ్న మొదలవుతుంది. అందుకే #ని %23గా, ఖాళీని %20గా, శాతం గుర్తుని %25గా మార్చి రాయాలి. ఒకసారి మార్చాలి, ఒక్కసారే మార్చాలి. మార్చినదాన్ని మళ్లీ మారిస్తే %20 కాస్తా %2520 అవుతుంది, ఆ పేరుతో ఫైలు ఎక్కడా ఉండదు.

తెలుగు పేర్ల దగ్గర ఈ మార్పిడి ఇంకా పెద్దది. యూటీఎఫ్-8లో మన ప్రతి అక్షర సంకేతానికీ మూడు బైట్లు. ‘తెలుగు’ అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా మారుతుంది కాబట్టి లింకులో 54 గుర్తులు. వాట్సాప్‌లో తెలుగు లింకు పంపితే గజిబిజిగా పొడుగ్గా కనిపించేది ఇందుకే. లినక్స్‌లో సాధారణంగా ఒక ఫైలు పేరు 255 బైట్లకి మించకూడదు, తెలుగులో అది 85 సంకేతాలు. విండోస్ బైట్లు కాకుండా రెండు బైట్ల యూనిట్లు లెక్కపెడుతుంది కాబట్టి అక్కడ 255 సంకేతాల దాకా సరిపోతుంది. మన పాత పుస్తకాల పేర్లు, రచయిత బిరుదులతో సహా రాస్తే, 85 అవలీలగా దాటుతాయి. స్కాన్ చేసినచోట చక్కగా ఉన్న ఫైలుని సర్వర్ వద్దంటుంది. పొడవు తగ్గించాలని బైట్లు లెక్కపెట్టి కోసేస్తే అక్షరం మధ్యలో తెగుతుంది.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కట్టిపడేసింది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే సంకేతంగా, లేదా పైన ఎత్వం, కింద ఐత్వపు తోక అని రెండు సంకేతాలుగా. తెరమీద తేడా ఏమీ ఉండదు. విండోస్ కీబోర్డు ఒకే సంకేతం ఇస్తుంది. మ్యాక్ పాత డిస్క్ పద్ధతి హెచ్‌ఎఫ్ఎస్ ప్లస్ మాత్రం పేరు నిల్వచేసేటప్పుడే దాన్ని రెండుగా విడగొడుతుంది. 2017లో వచ్చిన ఏపీఎఫ్ఎస్ ఇచ్చిన పేరుని ఇచ్చినట్టే ఉంచుతుంది, వెతికేటప్పుడు రెండు రూపాల్నీ ఒకటిగానే చూస్తుంది. కానీ పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. అలాంటి డిస్క్ మీదుగా వచ్చిన ‘హైదరాబాద్’ ఫోల్డరులో మొదటి అక్షరం ఆరు బైట్ల బదులు తొమ్మిది బైట్లు. లినక్స్ బైట్లనే పోలుస్తుంది, అక్షరాల్ని కాదు. కళ్లకి ఒకటిగా కనిపించే రెండు ‘హైదరాబాద్’ ఫోల్డర్లు అక్కడ పక్కపక్కనే ఉండగలవు, ఒకదానికి రాసిన లింకు రెండోదాన్ని ఎన్నటికీ తెరవదు. హైదరాబాదే కాదు, కైకలూరు, మైలవరం, పైడిపాల, ఐత్వం ఉన్న ఏ ఊరి పేరుకైనా ఇదే గతి. పేర్లు లోపలికి రాగానే యూనికోడ్ కూర్చిన రూపంలోకి, అంటే ఐత్వం ఒకే సంకేతంగా ఉండే రూపంలోకి, మార్చుకుంటే ఇది తీరిపోతుంది.

పొల్లు తర్వాత వత్తు పడకుండా వాడే కంటికి కనిపించని సంకేతం ఇంత సులువుగా లొంగదు. ‘సాఫ్ట్‌వేర్’లో అది కావాలి, లేకపోతే మాట రూపమే మారిపోతుంది. పేరు చివర పొల్లు తర్వాత అది మిగిలిపోతే ఎవరికీ కనిపించదు, కానీ ఫైలు వేరైపోతుంది. దాన్ని పేరులోంచి తీసేయడం నాకు ఇష్టం లేదు. పోల్చడానికి విడిగా ఒక రూపం తయారుచేసుకుని అందులో మాత్రమే తీసేస్తాను.

ఒక్క విషయంలో తెలుగు పేర్లే మేలు. విండోస్‌లో పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాలకి తేడా పట్టింపు లేదు, లినక్స్‌లో ఉంది. అందుకే ఇంగ్లిష్ పేర్ల బొమ్మలు ఇంట్లో కనిపించి సర్వర్‌లో మాయమవుతుంటాయి. తెలుగు లిపిలో ఆ గొడవే లేదు.

ఇన్ని చిక్కులు చూశాక చాలామంది బ్యాక్‌స్లాష్‌ని స్లాష్‌గా మార్చేసి ముందు మూడు స్లాష్‌లు అతికించే ఒక వరస కోడ్ రాసి ముందుకి వెళ్తారు. ఆ వరస # చూడగానే పడిపోతుంది. లినక్స్‌లో బ్యాక్‌స్లాష్ పేరులో భాగంగా ఉండొచ్చు కాబట్టి అక్కడ ఉన్న పేరుని కూడా పాడుచేస్తుంది. ఈ పనికి చాలా భాషల్లో పరీక్షలకి నిలిచిన సాధనాలు ఉన్నాయి. పైథాన్‌లో పాత్‌లిబ్ ఉంది, నోడ్‌లో పాత్‌ని ఫైల్ యూఆర్ఎల్‌గా మార్చే ఫంక్షన్, తిరిగి మార్చే ఫంక్షన్ రెండూ ఉన్నాయి. జావాలో పాత టుయూఆర్ఎల్ గుర్తుల్ని మార్చదు గనకే దాన్ని వాడొద్దని చెప్పి టుయూఆర్ఐ వైపు నడిపిస్తున్నారు.

అతికించే కోడ్ వల్ల పోయేది లింకులు మాత్రమే కాదు. 2000లో మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ సర్వర్‌లో బయటపడిన లోపం ఇదే కుదురులోది. స్లాష్‌ని తప్పు యూటీఎఫ్-8 రూపంలో రాసి పంపితే, దారి సరిగ్గా ఉందో లేదో చూసే తనిఖీ దాన్ని గుర్తుపట్టేది కాదు. తనిఖీ అయ్యాక అది స్లాష్‌గా మారి ఫోల్డర్ల హద్దు దాటేది. 2001 సెప్టెంబరులో నిమ్డా వార్మ్ పాకడానికి వాడుకున్న దారుల్లో ఇదొకటి. ఇరవై ఏళ్ల తర్వాత, 2021 అక్టోబరులో, అపాచీ 2.4.49లో చుక్కని శాతం గుర్తుతో రాస్తే అలాంటి తలుపే తెరుచుకుంది. 2.4.50లో వేసిన తాళం చాలక కొద్ది రోజుల్లోనే 2.4.51 తేవాల్సి వచ్చింది. ముందు గుర్తులు విప్పాలి, తర్వాత దారి సరిచేయాలి, ఆ తర్వాతే తనిఖీ చేయాలి. ఈ వరస తారుమారైతే పెద్ద పెద్ద సర్వర్లే నిలవలేదు.

ఇక ఇందాకటి పొడుగు పేర్ల చిక్కుకి మేం ఎంచుకున్న దారి ఇది. సర్వర్‌లో ఫైలు ఒక సంఖ్యతో ఉంటుంది. మనిషి పెట్టిన పేరు, కోలన్లూ ప్రశ్నార్థకాలూ ఐత్వాలతో సహా, డేటాబేస్‌లో ఉంటుంది. పాఠకులు డౌన్‌లోడ్ నొక్కినప్పుడు సర్వర్ ఆ ఫైలుతోపాటు అసలు పేరుని కూడా యూటీఎఫ్-8లో పంపుతుంది, దానికి హెచ్‌టీటీపీలో ఏర్పాటు ఉంది. పాఠకుల యంత్రం ఒప్పుకోని గుర్తు ఏదైనా ఉంటే బ్రౌజర్ ఆ ఒక్కదాన్ని మారుస్తుంది, మిగతా పేరు అలాగే ఉంటుంది. ‘హైదరాబాద్ కథలు #2’ని స్కాన్ చేసినవాళ్లు ఏ పేరుతో దాచారో, చదివేవాళ్ల ఫోల్డరులో ఆ పేరుతోనే దిగుతుంది.