'సంబంధం కుదిరింది': ఆశ్రిత వీసా గురించి రెండు పుస్తకాలు

కిందటేడు మా ఎం.ఏ. విద్యార్థిని ఒకామె చదువు మధ్యలో ఆపి, మార్కుల జాబితా కోసం నా గదికి వచ్చింది. కారణం అడిగితే, "సంబంధం కుదిరింది సార్. అబ్బాయి అమెరికాలో సెటిలయ్యాడు" అంది. ఆ రెండు వాక్యాల్లో ఒకదానికి సంబంధం కర్త, రెండోదానికి అబ్బాయి కర్త. చదువు మానుకుంటున్న మనిషి దేనికీ కర్త కాదు.

'కుదురు' అకర్మక క్రియ, 'కుదుర్చు' సకర్మకం. అకర్మక రూపం వాడినప్పుడు కుదిర్చినవారు వాక్యంలోంచి తప్పుకుంటారు. ఇది తెలుగుకే పరిమితం కాదు. బెంగుళూరులో మన పక్కింటి కన్నడిగులు 'సంబంధ కూడి బంతు' అన్నా అంతే.

ఇక 'సెటిలవడం' సంగతి. హెచ్-1బి అమెరికా చట్టం ప్రకారం తాత్కాలిక వీసా. సాధారణంగా దాని గడువు ఆరేళ్ళకు మించదు. గ్రీన్ కార్డు ప్రక్రియ సాగుతుంటే పొడిగిస్తారు. ఆ ఉద్యోగి భార్యకు లేదా భర్తకు ఇచ్చేది హెచ్-4. దానిమీద చదువుకోవచ్చు, స్వదేశానికి వచ్చి పోవచ్చు. అయితే ఉద్యోగి హోదా పోతే ఆశ్రితుల హోదా కూడా పోతుంది. 2015 మే వరకు హెచ్-4 వారికి ఉద్యోగార్హత లేదు. అప్పుడు వచ్చిన సడలింపు కూడా గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక నిర్ణీత దశకు చేరిన ఉద్యోగుల భార్యాభర్తలకే వర్తించింది.

ఈ విషయంపై మన విద్యార్థులు చదవదగిన పుస్తకాలు రెండున్నాయి. ఏమీ భట్ 'హైటెక్ హౌస్‌వైవ్స్' 2018లో వెలువడింది. సియాటిల్ ప్రాంతంతోపాటు, తిరిగివచ్చిన కుటుంబాల కోసం ఆమె హైదరాబాదును, మన బెంగుళూరును కూడా పరిశీలించారు. ఇంజనీరు దేశాలు మారగలగడం వెనుక భార్య చేసే జీతంలేని చాకిరీ ఉందని ఆమె ప్రతిపాదన. ఇల్లు కట్టడం, కూల్చడం, మళ్ళీ కట్టడం ఆమె పనే. వలసను ఉద్యోగంగా మాత్రమే చూసే అలవాటును ఈ పుస్తకం సరిదిద్దుతుంది.

పల్లవి బెనర్జీ 'ది ఆపర్చునిటీ ట్రాప్' (2022) మరో అడుగు ముందుకు వేస్తుంది. ఆమె రెండు రకాల భారతీయ కుటుంబాలను పక్కపక్కన పెట్టారు: భర్త సాంకేతిక ఉద్యోగి, భార్య ఆశ్రితురాలు, భార్య నర్సు, భర్త ఆశ్రితుడు. ఈ పోలికే ఆ పుస్తకానికి ప్రాణం. పరాధీనత స్త్రీ స్వభావం కాదనీ, దాన్ని తయారు చేయడంలో చట్టానికి పెద్ద పాత్ర ఉందనీ ఇంతకన్నా స్పష్టంగా చూపడం కష్టం.

అయినా నాకొక అభ్యంతరం ఉంది. పరాధీనతకు మూలాన్ని వీసా చట్టంలో వెతికినప్పుడు, కాన్సులేటుకు వెళ్ళకముందు ఇంట్లో జరిగిన సంభాషణ వెనకబడిపోతుంది. నా విద్యార్థిని ఇంకా వీసా దరఖాస్తు పెట్టలేదు. అప్పటికే తన జీవితాన్ని తాను కర్త కాని వాక్యాల్లో చెబుతోంది. చట్టం రేపు మారవచ్చు, వ్యాకరణం అంత తొందరగా మారదు. ఆశ్రిత స్థితిని చట్టం కల్పిస్తే, దాన్ని సహజమైన విషయంగా వినిపించేది మన వాడుక. సమాజశాస్త్ర గ్రంథాలు ఈ పని చేయలేదని నిందించడం న్యాయం కాదు. అది భాషా సాహిత్య విద్యార్థుల పని.

అందుకు సామగ్రి ఉంది. వంగూరి ఫౌండేషన్ ప్రచురించిన 'అమెరికా తెలుగు కథానిక' సంకలనాలు తీసుకోండి. భార్య ప్రయాణాన్ని చెప్పే చోట క్రియలను గుర్తించండి: ఆమె 'వెళ్ళిందా', ఆమెను 'తీసుకువెళ్ళారా', ఆమెకు వీసా 'వచ్చిందా'? రచయిత్రులు, రచయితలు ఈ విషయంలో భిన్నంగా రాస్తారా? ముందుగా తీర్మానించకుండా లెక్కపెట్టండి. ఒక పరిశోధన వ్యాసానికి సరిపడే పని ఇది.

ఆ రోజు నేను ఆమెతో వ్యాకరణం మాట్లాడలేదు. హెచ్-4 మీద చదువుకోవడానికి అనుమతి ఉందని మాత్రం చెప్పాను. ఆ మాట అంతవరకూ ఎవరూ చెప్పలేదట. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "అయితే ఇంకో రెండు నకళ్ళు తీసుకుంటాను సార్" అంది. ఆ మధ్యాహ్నం ఆమె తాను కర్తగా పలికిన వాక్యం అదొక్కటే.